కాలిన ఇల్లు - కొనేవాడి బాధ్యత

2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుండి శంషాబాద్ పరిసరాల్లో భూమి విలువ బాగా పెరిగింది. అలాంటి చోట ఒక ఇల్లు అగ్నికి ఆహుతైతే, తక్కువలో కొని, బాగు చేయించి అమ్ముకుందామన్న ఆలోచన మనలో కొందరికి కలుగుతుంది. ఈ విషయంలో ధర్మం ఏమంటోంది?

సోదరులారా! లాభం కోసం ఇల్లు కొనడం, అమ్మడం ధర్మసమ్మతమే. అయితే వడ్డీ అప్పుతో కొనకూడదు. కాలిన ఇల్లు అపశకునమని జంకనవసరం లేదు. శకునాల నమ్మకానికి ఇస్లాంలో తావు లేదు. మనం ఆలోచించవలసిన విషయాలు వేరే ఉన్నాయి.

మొదటిది, ధర ఎందుకు తగ్గింది? గోడలు దెబ్బతిన్నందుకా, లేక యజమాని గత్యంతరం లేక అమ్ముకుంటున్నందుకా? హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సేవకుడు ఆయన కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరమాడాడు. అది అంతకంటే ఎక్కువ విలువ చేస్తుందని గ్రహించిన జరీర్ (రజి), తానే ధర పెంచుతూ పోయి 800 దిర్హములు చెల్లించారు. ప్రతి ముస్లిం మేలు కోరుతానని తాను దైవప్రవక్త (స)కు ప్రమాణం చేసి ఉన్నానని కారణం చెప్పారు. మనం అంత చేయలేకపోవచ్చు. కనీసం ఆ వీధిలో బాగున్న ఇంటి ధర నుండి మరమ్మతు ఖర్చును, మన శ్రమకు తగిన లాభాన్ని తీసివేసి, మిగిలినదైనా ఇవ్వాలి. అంతకంటే తగ్గించడమంటే అతని కష్టాన్ని సొమ్ము చేసుకోవడమే. అసలు మనం వడ్డీ లేని అప్పు ఇస్తే అతను ఇల్లు నిలుపుకోగలడేమో, అది కూడా అడగాలి.

రెండవది, ఇంటి లోపం. వేడి సుమారు 300 డిగ్రీలు దాటితే కాంక్రీటు బలం తగ్గుతుంది. లోపలి ఇనుము కూడా దెబ్బతినవచ్చు. 2023 జనవరిలో సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో కాలిపోయిన వాణిజ్య భవనాన్ని చివరకు కూల్చివేయవలసి వచ్చింది. కాబట్టి ఇంజనీరుకు చూపించకుండా బయానా ఇవ్వకండి. మళ్లీ అమ్మేటప్పుడు రంగు వేసి మసి దాచకండి. బజారులో ధాన్యపు రాశి అడుగున తడి తగిలినప్పుడు, దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) అడిగారు. మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు.

మూడవది, హక్కుదారులు. యజమాని ఆ ప్రమాదంలోనే మరణించి ఉంటే ఇల్లు వారసులందరిదీ. భార్యకు, కుమార్తెలకు, అనాథ పిల్లలకు వాటా ఉంది. పెద్ద కొడుకు సంతకం ఒక్కటే చాలదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీసి చూడండి. స్థలం వక్ఫ్‌ది కాదని నిర్ధారించుకోండి. 1996 నాటి 111 జీవో ఆంక్షలు విధించిన 84 గ్రామాల్లో శంషాబాద్ మండల గ్రామాలు కూడా ఉన్నాయి. అనుమతుల సంగతి తేల్చుకున్నాకే ముందడుగు వేయండి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా ఆ బేరం వదులుకోవడమే మేలు. ఇతరుల కన్నీటితో తడవని సంపాదనను, శుభం గల ఉపాధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.