గెడ్డ దాటిన జీపు

పాడేరు మన్యంలో ఒక జీపు యజమాని ఉండేవాడు. కొండ మీది ఊళ్లవాళ్లను వారపు సంతకు దించి, సాయంత్రం తిరిగి ఎక్కించుకు రావడం అతని పని. ఘాట్ దిగగానే దారికి అడ్డంగా ఒక గెడ్డ ఉండేది. వేసవిలో అది పాదాలు తడిపేంతే. వానాకాలంలో మాత్రం ఉధృతి తగ్గినా లోతు తగ్గేది కాదు, నీళ్లు హెడ్‌లైట్ల దాకా నిలిచేవి. జీపు దిగని వారం పై ఊళ్లకు ఉప్పు, నూనె అందేవి కావు. బస్సు తిరగని చోట జీపంటే ఏమిటో అక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒక వేసవిలో అతను డబ్బు కూడబెట్టుకుని జీపును ముసలి మేస్త్రీ షెడ్డుకు తెచ్చాడు. మేస్త్రీ కమాను కట్టలు సరిచేసి బండిని కొంచెం ఎత్తాడు. నాలుగు చక్రాలకూ లోతు గాట్ల టైర్లు వేశాడు. ఇంజను గాలి పీల్చే దారిని బానెట్ కింద నుంచి తప్పించి, పొడవాటి గొట్టంతో టాపు ఎత్తుకు తీసుకుపోయాడు. అసలు పని అదే. గాలితో పాటు నీళ్లు సిలిండర్లోకి పోతే ఇంజను బతకదు. గాలి నలిగినట్టు నీరు నలగదు, పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

పనంతా అయ్యాక మేస్త్రీ మరో చిన్న పని చేయిస్తే మంచిదన్నాడు. ముందు వెనక ఇరుసుల ఊపిరి రంధ్రాలకు రెండు సన్నని రబ్బరు గొట్టాలు బిగించి నీళ్లకు అందనంత పైకి తేవాలని, గెడ్డ దాటిన ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే ఇరుసు అడుగు బోల్టు కాస్త వదులు చేసి నూనె చూసుకోవాలని చెప్పాడు. ఖర్చు అంతంతమాత్రమే. కానీ బండి కింద ఎవరికీ కనపడని గొట్టాల కోసం ఇంకో పూట షెడ్డులో ఉండడం యజమానికి ఇష్టం లేకపోయింది. తర్వాత చూద్దామని వెళ్లిపోయాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మిగతా జీపులు ఒడ్డున ఆగిపోతే, అతను లో గేరులో నాలుగు చక్రాల పట్టు వేసుకుని నెమ్మదిగా నీళ్లలోకి దిగాడు. ముందు నీరు విల్లులా చీలింది, ఇంజను ఒక్క దగ్గు దగ్గలేదు. అవతలి ఒడ్డు ఎక్కాక జనం దిగి జీపు చుట్టూ తిరిగి చూశారు, పిల్లలు గొట్టాన్ని తడిమి చూశారు. ఆ కాలమంతా అతను గెడ్డ దాటుతూనే ఉన్నాడు. ఒక్క సంత కూడా తప్పలేదు.

వానలు వెళ్లిపోయాయి. కార్తీకంలో వెనక నుంచి సన్నగా ఒక మూలుగు మొదలైంది. కొత్త టైర్ల చప్పుడనుకున్నాడు. పుష్యమాసంలో, మబ్బు తునకైనా లేని రోజున, కాఫీ గింజల బస్తాలతో జీపు నిండా మనుషులతో దిగుతుండగా వెనక ఇరుసు కీచుమని అరిచి బిగుసుకుపోయింది. గెడ్డ ఇంకా కిలోమీటరు దూరంలో ఉంది. జనం బస్తాలు నెత్తికెత్తుకుని నడిచారు. వాళ్లు చేరేసరికి కొనేవాళ్లు వెళ్లిపోయారు, ఆ వారం కష్టం మళ్లీ భుజాల మీదే కొండెక్కింది.

మేస్త్రీ ఇరుసు విప్పితే నూనెకు బదులు చిక్కటి మజ్జిగలాంటిది కారింది. బేరింగులు తుప్పు తిన్నాయి, క్రౌను పళ్లు అరిగాయి. ఘాట్ దిగి వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో మునిగినప్పుడల్లా లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, ఊపిరి రంధ్రం నుంచీ సీళ్ల అంచుల నుంచీ నీళ్లను లోపలికి లాగింది. నీరు నూనెకన్నా బరువు కనుక అడుగుకు దిగింది. మర్నాడు బోల్టు వదులు చేసి ఉంటే ముందు అదే బయటికి వచ్చేది. జనం మెచ్చుకున్న ఆ మొదటి రోజునే ఇరుసు చెడడం మొదలైందని యజమానికి అప్పుడు తెలిసింది.

పొడవాటి గొట్టం లేని రోజుల్లో అతను ఒడ్డునే ఆగేవాడు, ఇరుసు పొడిగా ఉండేది. ఇంజనుకు ధైర్యం వచ్చాకే ఇరుసుకు మునక వచ్చింది. బండికైనా ఇంటికైనా ఒకచోట బలం పెంచితే ఆ బరువు కింద ఇంకెక్కడో పడుతుంది, అదీ వెంటనే కనపడదు. కనుక కొత్త బలాన్ని నలుగురికీ చూపించే ముందు, దాన్ని మోయబోయేది ఎవరో వెతికి ముందు వాళ్లకు ఊపిరి గొట్టం బిగించాలి.