విందు ముగిసిన పిదప

ధ్యానభాగములు: మార్కు 6:39–44, యోహాను 6:10–13



మన గ్రామముల బిడ్డలు అనేకులు నేడు విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. అక్కడ వార్షికోత్సవములు, సదస్సులు, వీడ్కోలు సభలు జరుగును. వాటి ఏర్పాట్లు తరచుగా విద్యార్థుల మీదనే పడును. సభ ఒక్క పూటతో ముగియును. అది విడిచిన చెత్త ఎవరిది? డబ్బు చెల్లించితిమి, ఊడ్చువారున్నారు, మన పని తీరినదని చెప్పవచ్చునా?

ఊడ్చినంతమాత్రమున చెత్త నశింపదు, చోటు మారును. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమున్న విశాఖపట్టణమునే చూడుడి. ఆ నగరపు చెత్త చాలకాలముగా కాపులుప్పాడ యొద్దకు చేరుచున్నది. కాపులుప్పాడయు మన ఊరివంటి ఊరే. ఒకరి పండుగకు మరియొకరు కంపు భరించుట న్యాయమా?

అన్నము అంటిన ప్లాస్టిక్ పళ్లెము ఎరువుకు పనికిరాదు, కరగించి మరల వాడుటకును కష్టమే. గుట్టక్రింద గాలి ఆడక క్రుళ్లు అన్నమునుండి మీథేను అను వాయువు పుట్టి భూమిని వేడెక్కించును. ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మన దేశములో 2022 జూలై 1 నుండి నిషేధింపబడినవి. చట్టము పళ్లెమును ఆపగలదు. అన్నము పారబోయుటను ఆపవలసినది మన ముందుచూపే.

అన్నము చాలకపోయిన పరువు పోవునని కొందరందురు. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. మన పెండ్లిండ్లలోను అది ఉన్నది. అయినను అతిథికి మర్యాద అతని కడుపు నిండుటలో ఉన్నదిగాని, గుండిగలో మిగులుటలో లేదు. వచ్చువారి పేర్లు ముందుగా వ్రాసికొని, బియ్యము రెండు విడతలుగా ఎసటిలో పోయవలెను. ఉడకని బియ్యము రేపటికి నిలుచును, ఉడికిన అన్నము ఆ పూటకే. స్టీలు పళ్లెములు అద్దెకు తేవచ్చును, లేదా అడ్డాకు విస్తళ్లు వేయవచ్చును. నీళ్ల సీసాలకు బదులు డ్రమ్మును గ్లాసులును చాలును. గుడ్డ బ్యానరు మీద సంవత్సరము వ్రాయకుండిన మరుసటి యేటికి పనికివచ్చును. తడి చెత్తకు, పొడి చెత్తకు వేరు తొట్లు ఉంచి, ప్రక్కన ఒకరిని నిలుపవలెను. అన్నము మిగిలిన, అది చెడకముందే ఎవరికి చేర్చవలెనో ముందే మాటాడుకొనవలెను.

ప్రభువు అయిదువేలమందికి ఆహారమిచ్చిన దినమున జనులు మొదట పంక్తులుగా కూర్చుండిరి. ఆ తరువాతనే వడ్డన జరిగెను. అందరును తృప్తిగా తినిరి. పిదప శిష్యులు మిగిలిన ముక్కలను పన్నెండు గంపలకెత్తిరి. అయిదు రొట్టెలను అంతగా పెంచినవానికి ముక్కలతో పనియేమని మనకు తోచును. అయినను వాటిని ఏరుమని చెప్పినవాడు ఆయనే. సమృద్ధి కలిగియుండుట పారవేయుటకు సెలవు కాదు.

కాబట్టి మన బిడ్డలతో మాటాడునప్పుడు, సభ ఎంత ఘనముగా జరిగినదని మాత్రమే గాక, మరునాటి ఉదయము ఆ ఆవరణ ఎట్లుండెనని, దానిని ఎవరు ఊడ్చిరని కూడ అడుగుదము. మన సంఘపు కోతపండుగ విందు ముగిసిన పిదప గుడి ఆవరణ ఎట్లుండునో, అదియే వారికి మొదటి పాఠము.