అభయదానము

మహాభారత యుద్ధము పదునెనిమిది దినములలో ముగిసినది. యుద్ధము ముగిసిన పిమ్మట ధర్మరాజునకు భీష్ముడు చేసిన బోధ మాత్రము శాంతిపర్వము, ఆనుశాసనికపర్వము అను రెండు మహాపర్వములను నింపినది. తిక్కన సోమయాజి వానిని తెనిగించి మనకిచ్చెను. ఐనను యుద్ధపర్వములను చదువునంత ఆసక్తితో శాంతిపర్వమును చదువువారు నేడును అరుదు. చంపుట యెట్లో వినుటకు మనకు కుతూహలము మెండు. చంపుకొన్నవారు మరల ఒక్క యూరిలో నెట్లు బ్రదుకవలెనో వినుటకు ఓపిక తక్కువ.

ఆ పర్వారంభమున ధర్మరాజు రాజ్యము నొల్లనని, అడవికి పోయెదనని పలికెను. బంధురక్తముతో తడిసిన చేయి ప్రజలకు న్యాయము చేయగలదా యనునది ఆయన సందేహము. అర్జునుడు దానికి సమాధానముగా దండమును ప్రశంసించెను. దండము లేనిచో బలవంతుడు దుర్బలుని మ్రింగునని అతని వాదము. ఇందొక మాట అబద్ధము, ఒక మాట నిజము అని త్రోసిపుచ్చుటకు వీలులేదు. దండము కావలెను, దానిని పట్టిన చేయి మాత్రము నిన్నటి కలహములో పాల్గొన్న చేయియే. అట్టి చేతినుండి ప్రజలకు భయము తొలగుట యెట్లు? కలహానంతరము న్యాయమును రక్షణమును సంస్కరింప బూనిన ప్రతి నాయకునకు ఎదురగు ప్రశ్న యిదియే.

నేడు ఐక్యరాజ్యసమితి శాంతిదళములు ఈ ప్రశ్నను నిత్యము ఎదుర్కొనుచున్నవి. పూర్వము ఆ దళములు రెండు సేనల నడుమ నిలిచి యుద్ధవిరమణమును కనిపెట్టుట తమ ముఖ్యకార్యముగా నెంచెడివి. క్రమముగా అంతర్యుద్ధములచే చితికిన దేశములలో పోలీసును, న్యాయస్థానములను, చెఱసాలలను తిరిగి నిలబెట్టు భారము కూడ వానిపై బడినది. కాంగో దేశమున 1960లో జరిగినది యిందులకు తొలి హెచ్చరిక. ఆ దేశము జూన్ 30వ తేదీన స్వతంత్రమయ్యెను. వారము తిరుగకుండగనే అచటి సైన్యము తిరుగబడెను. ఆ సైన్యములో భటులందఱు కాంగో వారే; అధికారులందఱు బెల్జియనులే. స్వాతంత్ర్యము వచ్చినను సైన్యములో ఏమియు మారదని బెల్జియన్ సేనాపతి నల్లబల్లపై వ్రాసి చూపెనట! దేశమును రక్షింపవలసిన సేనయే దేశమునకు భయకారణమైనది. సమితి ప్రధానకార్యదర్శి హామర్‌షీల్డ్ ప్రతినిధిగా అచటికి వెళ్లిన మన రాజేశ్వర దయాళ్ గారికి ఆయుధముల కొఱత కాదు, ఆయుధములు పట్టినవారియందు ప్రజలకు నమ్మకము లేకపోవుటయే పెద్ద చిక్కుగా నుండెను.

ఇచట అనువాదకునిగా నాకు తోచిన మాట నొకదానిని చెప్పెదను. ఇంగ్లీషులో ‘సెక్యూరిటీ’ యనుదానిని మనము ‘భద్రత’ యని తెనిగించుచున్నాము. తప్పు లేదు. కాని భద్రత బయటినుండి లెక్కింపదగినది: ఇన్ని ఠాణాలు, ఇంతమంది భటులు, ఇన్ని తుపాకులు. మన ప్రాచీనులు రాజధర్మమున చెప్పిన మాట ‘అభయము’. అది రక్షింపబడువాని హృదయమున నుండునది. తన తలుపు తట్టినవాడు పోలీసువాడని తెలిసినప్పుడు గృహస్థుని గుండె కుదుటపడునా, మరింత కొట్టుకొనునా? అభయమునకు కొలత అది. సన్న్యాసి సంసారమును విడుచునాడు సర్వభూతములకు తన వలన భయము కలుగకుండుగాక యని ప్రతిజ్ఞ చేయును. కాషాయము కట్టినవాని వ్రతము ఖాకీ కట్టినవానికి మఱియు ఆవశ్యకమని నా యభిప్రాయము. ఏలయన కాషాయధారి చేతిలో కఱ్ఱయే గాని తుపాకి లేదు.

ఇందులకు దూరదేశముల ఉదాహరణములు అక్కఱలేదు. గంగాతీరమున కలకత్తా మహానగరము ఉన్నది. 1946 ఆగస్టు 16వ తేదీన అచట ఆరంభమైన మారణహోమములో నాలుగు దినములలో సుమారు నాలుగు వేలమంది మరణించిరని సాధారణముగా చెప్పబడు అంచనా. అప్పుడు బెంగాలు ప్రధాని సుహ్రావర్ది. శాంతిభద్రతల శాఖయు ఆయన చేతనే యుండెను. ఆ దినమును ఆయన ప్రభుత్వము సెలవుదినముగా ప్రకటించెను. లాల్‌బజారులోని పోలీసు కార్యాలయమున ఆయన స్వయముగా కూర్చుండెను. వీథులలో మాత్రము ప్రజలు పోలీసుకై కేకలువేసి ఫలము గానకుండిరి. సైన్యము వచ్చునప్పటికి ఆలస్యమైపోయినది. ముస్లిము పేటలో హిందువునకు, హిందూ పేటలో ముస్లిమునకు ఆ దినములలో ప్రభుత్వ మనునది లేకపోయెను. చచ్చినవారి సంఖ్యకంటె ఈ స్మృతి దీర్ఘాయువు కలది.

ఏడాది గడచి 1947 ఆగస్టు 9వ తేదీన మహాత్మాగాంధి నౌఖాలికి పోవుచు కలకత్తా చేరిరి. నగరములోని ముస్లిము ప్రముఖులు ఆయనను నిలిచిపొమ్మని ప్రార్థించిరి. నౌఖాలిలో హిందువుల క్షేమమునకు మీరు పూచీపడినచో నిలిచెదనని ఆయన చెప్పిరి. సుహ్రావర్ది వచ్చినప్పుడు ఆయన పెట్టిన నియమము విచిత్రమైనది: ఇద్దఱును ఒక్క కప్పు క్రింద, సాయుధరక్షణము లేకుండ నివసింపవలెను. 13వ తేదీన బేలియాఘాటాలోని హైదరీ మంజిల్ అను పాడుపడిన యింట వారు దిగిరి. (ఆ యిల్లు నేడు గాంధీభవనమను పేర సందర్శకులకు తెఱచియున్నది.) కుపితులైన యువకులు కిటికీ అద్దములు పగులగొట్టి ఆయనను తిరిగిపొమ్మనిరి.

మఱునాటి రాత్రి జరిగిన సన్నివేశమును చరిత్రగ్రంథములు రెండు మూడు వాక్యములలో దాటిపోవును. నాకు మాత్రము ఆ కాలమున జరిగిన వానిలో దానికి సమానమైనది మఱొకటి కనబడదు. ఇంటి వెలుపల గుమిగూడిన జనము సుహ్రావర్దిని ఆ మహామారణమునకు నీవు బాధ్యుడవు కావా యని నిలదీసెను. మనమందఱము బాధ్యులమే యని ఆయన మొదట పలికెను. ఇది రాజకీయవేత్త పలుకు. అందఱి బాధ్యత యన్నచో ఎవ్వరి బాధ్యతయు కాదు. జనము విడువక మరల అడిగెను. అప్పుడాయన, అవును, అది నా బాధ్యతయే యని ఒప్పుకొనెను. ఆ పలుకుతో జనుల ముఖములు మాఱినవి. దండాధికారము వహించిన వాడొకడు సాయుధరక్షణము లేక, తన వలన నష్టపోయినవారి యెదుట నిలిచి, తన దోషమును తన నోట చెప్పుట! ఎన్ని విచారణసంఘములు కూర్చున్నను ఆ యొక్క వాక్యము చేసిన పని చేయగలవా యనిపించును.

ఆ తరువాత కలకత్తా పండుగ చేసికొనెను. 1946లో నెత్తురు ప్రవహించిన వీథులలో హిందువులును ముస్లిములును కౌగిలించుకొనిరి. పంజాబులో ఏబదియైదు వేల సైనికులున్నను అల్లరులు ఆగలేదనియు, బెంగాలులో ఒక్క మనుష్యుడే సేనయై నిలిచినాడనియు మౌంట్‌బాటన్ ప్రభువు ఆగస్టు 26వ తేదీన గాంధీజీకి వ్రాసెను. ఈ ప్రశంసను మనము తఱచుగా ఉదాహరించుచుందుము. అది వ్రాసిన అయిదవనాడే, 31వ తేదీ రాత్రి, అదే యింటిపై మూక విఱుచుకొనిపడి రాళ్లు రువ్వినదని మాత్రము మఱచిపోవుదుము. మఱునాడు నగరమున మరల హత్యలు జరిగినవి. శాంతికై మధ్య నిలిచిన సచీన్ మిత్ర, స్మృతీశ్ బెనర్జీ ఆ దినములలోనే ప్రాణము లర్పించిరి.

సెప్టెంబరు 1వ తేదీ రాత్రి గాంధీజీ ఉపవాసము పూనిరి. గూండాల మీద ఉపవాసమేమి యని గవర్నరు రాజాజీ ప్రశ్నించెను. గూండాలను తయారుచేసి వారి వెనుక నిలిచిన మనము మాఱవలెనని మహాత్ముని సమాధానము. డెబ్బదిమూడు గంటలు గడచెను. ఉత్తర కలకత్తా పోలీసులు పలువురు, అందు యూరోపియనులును కలరు, విధులలో నుండియే ఇరువదినాలుగు గంటలు సానుభూతిగా ఉపవసించిరి. అల్లరిమూకల నాయకులు వచ్చి, ఏ శిక్షకైనను సిద్ధమనిరి. ఆయన విధించిన శిక్ష యేమనగా: వెంటనే ముస్లిముల మధ్యకు పోయి వారికి సంపూర్ణ రక్షణమిచ్చుట. స్టెన్ తుపాకులు, చేతిబాంబులు ఆయన పాదములకడ చేరినవి. 4వ తేదీ రాత్రి హిందూ ముస్లిము నాయకులు, ఇకమీదట అశాంతి చెలరేగినచో దానిని ఆపుటకు తమ ప్రాణములనైనను ఒడ్డెదమని వ్రాతపూర్వకముగా వాగ్దానము చేసిన మీదట ఆయన నిమ్మరసము పుచ్చుకొనిరి. 7వ తేదీన ఢిల్లీకి బయలుదేఱిరి.

పోలీసుల ఆ ఉపవాసమునకు విలువ కట్టుట సులభము కాదు. ఏ రక్షకుడు లోగడ ప్రజల యాపదను చూచుచు నిలిచెనో, అతడే నేడు ఆకలితో ఠాణాలో నిలిచెను. ఆజ్ఞాపత్రముల వలన రానిది, శిక్షణశిబిరముల వలన రానిది, అతనికి ఆ యొక్క దినమున వచ్చెను. ఐనను ఒక దినపు తపస్సు ముప్పది యేండ్ల ఉద్యోగమునకు చాలునా?

ఇచట గాంధీజీయందు భక్తి గలవారు కొందఱు నొచ్చుకొన్నను ఒక మాట చెప్పక తప్పదు. 1946 మారణకాండపై ఫెడరల్ కోర్టు ప్రధానన్యాయమూర్తి సర్ పాట్రిక్ స్పెన్స్ అధ్యక్షతన విచారణసంఘ మొకటి నియమింపబడెను. అది సాక్ష్యములను సంపుటములుగా కూర్చెను. తుది నివేదిక వెలువడకుండగనే ముగిసిపోయెను. చంపబడినవారి తల్లులకు, చంపినవా రెవ్వరో చెప్పిన తీర్పు రాలేదు. తనకు జరిగిన అపకారమును క్షమించుట సాధువునకు భూషణము. ఒరులకు జరిగిన అపకారమును తాను క్షమించివేయుట మాత్రము పరధనమును దానము చేయుటవంటిది. గాంధీజీ అట్లు చేసిరని నేననను. తన కడకు వచ్చినవారిని ఆయన వట్టిచేతులతో పంపలేదు. చెఱచినదానిని కాపాడు భారము నెత్తినపెట్టి పంపిరి. అది దండనయే, ఉత్తమమైన దండన. కాని రానివారి సంగతి యేమి? వారి లెక్క చూచుట మహాత్ముని పని కాదు, ప్రభుత్వపు పని. ఆ పని జరుగలేదు. 1950లోను, మరల 1964 జనవరిలోను కలకత్తా మతకలహములతో అట్టుడికెను.

శ్రీరామకృష్ణులు చెప్పిన పాము కథ మన పాఠకు లెఱుగనిది కాదు. ఎవ్వరిని కఱవవద్దని బ్రహ్మచారి ఉపదేశింపగా, ఆ పాము పిల్లల చేతి దెబ్బలకు చావునకు సిద్ధమైనది. కఱవవద్దంటిని గాని బుస కొట్టవద్దంటినా యని గురువు మందలించెను. దీనిని మనము గృహస్థునకు చెప్పిన నీతిగా గ్రహించుచున్నాము. పోలీసునకు ఇంతకంటె తగిన పాఠమేది? కలహకాలమున రక్షకదళము రెండు విధముల చెడును. ఒక పక్షమువారిని కఱచును. లేదా తన పక్షమువారు కఱచుచుండగా బుసయైనను కొట్టక ఊరకుండును. 1946 ఆగస్టున కలకత్తాలో జరిగినది ముఖ్యముగా రెండవది. సంస్కర్త తుపాకులను లాగివేసినంత మాత్రమున ఈ రెండవ రోగము కుదురదు. అందఱికొఱకును సమానముగా బుసకొట్టుట నేర్పవలెను. అది తుపాకి కాల్చుట నేర్పుటకంటె కష్టము. లైబీరియాలో 2007 మొదలు 2016 వఱకు సమితి పక్షమున పనిచేసిన భారత మహిళా పోలీసుదళముల యెడల అచటి స్త్రీలకు కలిగిన చనువు, వీధిలో వారి నిలుకడను చూచి కలిగినదే యని నేను తలంతును.

మహాత్ముడు వెడలిపోయిన పిదప ఏమి మిగులును? ఈ ప్రశ్నకు ఉత్తరమును వెదకిన చక్రవర్తి యొకడు మనకు కలడు. కళింగయుద్ధమున లక్షమంది చచ్చిరనియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు అశోకుడు తన పదుమూడవ శిలాశాసనమున పశ్చాత్తాపముతో చెక్కించెను. మన కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడిలో ఆ శాసనము కలదు. ఆశ్చర్యమేమనగా, జయింపబడిన కళింగములోనే, ధౌళి, జౌగడ శిలలపై అది లేదు! గాయపడినవారి కెదుట తన పశ్చాత్తాపమును ప్రదర్శింపక, దానికి బదులుగా అచటి నగరన్యాయాధికారులకు వేఱుగా శాసనములు వ్రాయించెను. ఈ లిపిని 1837లో చదివి మనకు తిరిగి యిచ్చినది కలకత్తా టంకశాలలో ఉద్యోగియు, ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శియు నైన జేమ్స్ ప్రిన్సెప్. ఇంకొక అశోకశాసనము, బైరాట్‌నుండి తెచ్చిన శిల, నేటికిని ఆ సొసైటీ భవనములోనే కలదు.

ధౌళిశాసనమున చక్రవర్తి తన అధికారులతో జనులందఱు తనకు బిడ్డలవంటివారని చెప్పి, అకారణముగా ఎవ్వరును చెఱలో నుంచబడకుండునట్లును, హింసింపబడకుండునట్లును చూడుమనుచున్నాడు. అధికారి న్యాయము తప్పుటకు కారణములుగా ఆయన యెన్నినవి సైన్యము కొఱతయో, ధనము కొఱతయో కావు: అసూయ, కోపము, క్రౌర్యము, తొందరపాటు, అభ్యాసము లేకపోవుట, సోమరితనము, అలసట. అలసట యనుదానిని ఈ పట్టికలో చేర్చిన రాజనీతిజ్ఞుని నేను మఱొకని నెఱుగను. ఠాణాలో రాత్రి రెండవజాములో నిదురలేక కూర్చున్నవానికి ఎదుట చేతులు కట్టుకొని నిలిచినవాడు మనుష్యుడుగా కనబడడని ఆ చక్రవర్తి యెఱుగును. మనము దీనినే చిత్తశుద్ధి యని యోగశాస్త్రమున చదువుదుము.

అశోకుడు అధికారుల శీలమును నమ్మి ఊరకుండలేదు. కోపము, క్రౌర్యము లేని మహామాత్రుని అయిదేండ్ల కొకమాఱు పర్యటనమునకు పంపి, తన యాజ్ఞ నడచుచున్నదో లేదో పరీక్షించెదననెను. ఉజ్జయినినుండి రాకుమారుడు మూడేండ్లు దాటకుండ అట్లే పంపవలెను, తక్షశిలనుండియు అట్లే. ఆ శాసనమును తిష్యనక్షత్రము వచ్చిన ప్రతి దినమునను అధికారులకు చదివి వినిపింపవలెననియు, నడుమ దినములలో సైతము సమయము దొరకినప్పుడు, వినువాడు ఒక్కడే యైనను, వినిపింపవలెననియు ఆయన నియమించెను.