మొల్ల మాట నమ్మాలా?

స్త్రీ తన గురించి తాను చెప్పిన మాట నమ్మాలి. ఎంతో కష్టపడి సంపాదించుకున్న విలువ ఇది. మొల్ల దగ్గరికొచ్చేసరికి ఈ విలువే నన్ను ఇబ్బంది పెడుతోంది.

బద్వేలు పక్కనున్న గోపవరం ఆమెదని మా కడప వాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. రామాయణ అవతారికలో ఆమె చెప్పుకున్నది మాత్రం తనకేమీ రాదనే. సంధులు, సమాసాలు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందస్సు, నిఘంటువులు... ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి మరీ తెలియదంటుంది. శ్రీకంఠ మల్లేశ్వరుడి వరం వల్ల కవిత్వం అబ్బిందంటుంది. తెలియని వాటి పట్టిక అంత వరసగా ఎవరు చెప్పగలరు? పైగా అక్కడే, కవిత్వం నాలుకకి తేనె తగిలినట్టు వెంటనే అందాలి, గూఢపదాలు పేర్చి ఏం లాభం అని తీర్పూ ఇస్తుంది. ఏమీ రాని మనిషి ఇచ్చే తీర్పేనా అది?

భాగవతం తనచేత రాముడు పలికిస్తున్నాడని పోతనా అన్నాడు. దాన్ని భక్తి అన్నాం. మొల్ల మాటని మాత్రం చదువు లేదనడానికి సాక్ష్యం చేసుకున్నాం. (ఆయన పోతనామాత్యుడు. ఆతుకూరి అనే ఇంటిపేరున్నా ఈమె ఉత్త మొల్ల!)

పదహారో శతాబ్దపు స్పెయిన్‌లో అవిలా తెరెసా కూడా తాను చదువులేని అబలనని ఆత్మకథలో పదేపదే రాసుకుంది. ఆ పుస్తకం 1575లో మతవిచారణ కోర్టు చేతికి వెళ్లింది. ఆ మాటలు ఆమెకి కవచమని స్త్రీవాద పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. మొల్లదీ ఎత్తుగడేనని తేల్చెయ్యడం సులువు. కానీ అలా తేల్చేస్తే ఆమె చెబుతున్న అసలు సంగతి జారిపోదా? వ్యాకరణం గురువు ముందు కూర్చుని నేర్చుకునేది. ఆ అరుగు మీద ఆడపిల్లకి చోటేది? 'రాదు' అన్నదాంట్లో 'నేర్పలేదు' కూడా ఉండొచ్చు. అబద్ధమంటే ఆమెని మాయలాడిని చేస్తాం, నిజమంటే అజ్ఞానిని చేస్తాం.

కర్నూలు జిల్లా పల్లెల్లో పాటల కోసం తిరిగినప్పుడు ఇదే చిక్కు. "నాకేం పాటలొస్తాయి మా" అన్న అవ్వలే తర్వాత గంటసేపు పాడారు. మొదటి మాటని నోట్సులో ఏమని రాయాలి? వినయమనా? రాదన్నదీ రాస్తాను, పాడిందీ రాస్తాను. పక్కన ఎవరున్నారో కూడా రాస్తాను. మగవాళ్లు లేచి వెళ్లాకగానీ గొంతు విప్పనివాళ్లున్నారు మరి.

మొల్ల పక్కన ఎవరున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. రాయల కొలువు, తెనాలి రామకృష్ణుడితో వాదం అంటూ చెప్పే కథలకి ఆధారం లేదు. వాటిని పక్కనపెట్టి, సుమారు 870 గద్యపద్యాలూ ముందేసుకుని, రావన్న వాటిలో ఏవేవి ఎక్కడెక్కడ వాడిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటున్నాను. సుందరకాండ దాకా వచ్చాను.