ప్రీతిని బోధించగలమా?

ఉపాధ్యాయుడు తాను ప్రేమించిన పుస్తకాన్ని విద్యార్థులకు పంచిపెట్టవచ్చునా? పంచిన కొలదీ విద్య పెరుగుతుందని మన పెద్దలు చెప్పినారు. కాని విద్య వేరు, ప్రీతి వేరు. విద్యను బోధించవచ్చును, ప్రీతిని బోధించగలమా?

నేను హిందీ నేర్చుకొంటున్న తొలినాళ్లలో నన్ను వశపరచుకొన్న గ్రంథం దేవకీనందన్ ఖత్రీ రచించిన ‘చంద్రకాంత’. 1888లో వెలువడిన నవల అది. నౌగఢ్ రాకుమారుడు, విజయగఢ్ రాకుమారి, వేషాలు మార్చే ఐయారులు, మూర్ఛ గొలిపే చూర్ణాలు, నిధిని దాచిన మాయాకట్టడమైన తిలిస్మ్ - ఇవీ అందలి సామగ్రి. కాశీరాజ్యపు అడవులలో గుత్తేదారుగా తిరిగి, శిథిల దుర్గాలను కన్నులారా చూచినవాడు ఖత్రీ. ఈ నవలను చదవడానికే ఉర్దూ మాత్రమే ఎరిగిన ఎందరో హిందీ నేర్చినారని ఆచార్య రామచంద్ర శుక్ల వ్రాసినారు. ఘటనావైచిత్ర్యం తప్ప రససంచారం, పాత్రచిత్రణం లేవు గనుక ఇవి సాహిత్యకోటిలో చేరవని తీర్పు చెప్పినదీ ఆయనే.

ఆ తీర్పును నా తరగతిలో ఓడించాలని నాకు కోరిక కలిగినది. ప్రతి శనివారం చివరి పావుగంట ‘చంద్రకాంత’ను చదివి, తెలుగులో అర్థం చెప్పేవాడిని. పిల్లలు గంట మ్రోగినా కదిలేవారు కారు. ఇది కాలక్షేపమని తోటివారు ఆక్షేపించినారు. వారి నోరు మూయించడానికి నేను పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చినాను: ‘ఐయారు లక్షణములను వివరింపుము.’ అందరూ చక్కగా వ్రాసినారు. మరుసటి శనివారం పుస్తకం తెరవగానే ముందు బల్లమీది పిల్లవాడు కలం పట్టుకొని అడిగినాడు: ‘ఇది పరీక్షకు వస్తుందా, మాస్టారూ?’

అతనిది తప్పు కాదు. నేనే ఆనందానికి మార్కులు కట్టినాను. నేను పంచినది ప్రీతి అనుకొన్నాను. నిజానికి నా అభిరుచికి సాక్షులను కూడగట్టుకొన్నాను. ఉపాధ్యాయుని చేతిలో అధికారం ఉన్నది. అధికారంతో చెప్పిన ‘బాగున్నది’ అనే మాట ఆజ్ఞ అవుతుంది. ఆజ్ఞకు విధేయత లభిస్తుంది గాని హృదయం లభించదు.

అద్భుతకథలు పిల్లలను యథార్థానికి దూరం చేస్తాయనే భయం నాకు లేదు. బాల్యంలో ‘తిలిస్మ్-ఎ-హోష్రుబా’లో మునిగి తేలిన ప్రేమ్‌చంద్, 1936లో ‘గోదాన్’ను ప్రకటించినాడు. మాయామందిరంలో తిరిగిన మనస్సే రైతు గుడిసెలోనికీ ప్రవేశించగలిగినది. కాని ఆ బాలునికి ఆ గ్రంథాన్ని ఎవరూ పాఠంగా నియమించలేదు. తన ఆకలితో తానే వెదకికొన్నాడు.

తిలిస్మ్‌ను ఎవరు పడితే వారు భేదించలేరు. అది ఎవరి పేర ఏర్పడినదో వారికే తలుపు తెరుస్తుంది. పఠనమూ అటువంటిదే. గురువు ద్వారం ఎక్కడ ఉన్నదో చూపవచ్చును. తాను లోపలికి వెళ్లి వచ్చిన వెలుగు ముఖంమీద కనిపిస్తే కనిపించవచ్చును. అంతకు మించి అతనికి హక్కు లేదు. ప్రేమించడం గురువు హక్కు అయినట్లే, ప్రేమించకపోవడం శిష్యుని హక్కు.

ఆ ప్రశ్నను నేను మరల ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు. శనివారపు పఠనం మాత్రం సాగినది. ఇష్టం లేనివారు వెళ్లిపోవచ్చునని ముందుగానే చెప్పేవాడిని. కొందరు వెళ్లిపోయేవారు. కూర్చున్నవారి చేతులలో కలాలు లేవు.