తిన్న నోరు, కోసిన చేయి

మారిషస్‌లో జూన్ మొదలుకొని సెప్టెంబరు వరకు దుప్పుల వేటకాలం. ఆ నెలలలో మన ఇళ్ళలో దుప్పి మాంసపు కూర వండుకోవడం వింత కాదు. ఇప్పుడు మన యువకులు కొందరు స్వయంగా వేటకు వెళుతున్నారు. తుపాకి పట్టడం, గురి చూడడం, లైసెన్సు నియమాలు వారికి చెప్పేవారున్నారు. దుప్పి నేలకొరిగిన తరువాత దాని కడుపు చీల్చి, లోపలి భాగాలు తీసి, మాంసాన్ని చెడనీయకుండా కాపాడే పనిని గూర్చి మాత్రం ఇంటిలో ఎవరూ మాట్లాడరు. కూరను మెచ్చుకొంటూ తిన్న పెద్దలే, ఆ పని నేర్చుకొని వచ్చిన మనుమనితో "ఆ చేతులతో దీపం ముట్టుకోకురా" అనడం నేను విన్నాను.

కోసిన చేతికి అంటిన దోషం తిన్న నోటికి అంటదా? ఈ ప్రశ్నను మన కుటుంబాలు తప్పించుకోకూడదని నా అభిప్రాయం.

ముందుగా ఆ జంతువును గూర్చి రెండు మాటలు. ఈ దీవికి గబ్బిలాలు తప్ప స్వదేశీ నేలజంతువులలో పాలిచ్చేవి లేవు. దుప్పులను 1639లో డచ్చివారు బటావియా నుండి ఓడలో తెచ్చి ఇక్కడ విడిచారు. మన పూర్వులు కోరంగి రేవు పేరును వెంటబెట్టుకొని కూలి ఒప్పందాలపై ఇక్కడికి రావడానికి ఇంచుమించు రెండు శతాబ్దాల ముందటి సంగతి అది. దానిని వేటాడే పులి గాని తోడేలు గాని ఈ దీవిలో లేదు. మంద పెరిగితే అడవిలో మొలిచే లేత మొక్కలన్నీ దాని నోటికే పోతాయి. కనుక వేట అవసరమని కొందరు వాదిస్తారు. వాదం నిజమే కాని, తినడానికే తెచ్చిన జీవిని అడవి మేలు కోసం చంపుతున్నామని చెప్పుకోవడంలో కొంత ఆత్మవంచన ఉంది.

ఇక ఆ పని ఎటువంటిది? మొదట జంతువు ప్రాణం పోయిందని రూఢి చేసుకోవాలి. వెనుక వైపు నుండి మెల్లగా సమీపించి, పొడవైన కర్రతో కంటిని తాకాలి. రెప్ప కదిలితే ప్రాణం ఉన్నట్లే. బాధను వెంటనే ముగించడమే అప్పటి కర్తవ్యం. కదలకపోతే ఆలస్యం చేయకూడదు. దుప్పి దేహపు వేడి 38 డిగ్రీలకు పైనే ఉంటుంది. దట్టమైన చర్మం ఆ వేడిని బయటికి పోనీయదు. అది నెమరువేసే జంతువు గనుక దాని పెద్ద పొట్టలోని మేత చచ్చిన తరువాత కూడా పులుస్తూనే ఉంటుంది. మన చలికాలపు పగలు కూడా మాంసాన్ని కాపాడేంత చల్లనిది కాదు.

దుప్పిని వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక క్రింద చర్మానికి చిన్న గాటు పెట్టాలి. ఎడమచేతి రెండు వ్రేళ్ళతో చర్మాన్ని పైకెత్తి, వాటి నడుమ కత్తి పదును ఆకాశం వైపు ఉండేలా పట్టి, క్రింది వరకు నెమ్మదిగా కోయాలి. పదును లోపలికి తిరిగితే పొట్ట గాని మూత్రాశయం గాని తెగుతుంది. అందులోనిది తగిలినంత మేర మాంసం పాడవుతుంది. మలద్వారం చుట్టూ కోసి, దారంతో బిగించి కట్టాలి. గుండెకూ పొట్టకూ నడుమ తెరవలె ఉండే కండరపు పొరను పక్కటెముకల వెంట కోసి, మెడ వైపు చేయి చాచి ఊపిరిగొట్టాన్ని తెంచితే లోపలిదంతా ఒక్కటిగా బయటికి వస్తుంది. కోడిని కోసేవారికి పిత్తాశయం పగులుతుందేమోనన్న భయం ఉంటుంది. దుప్పికి పిత్తాశయమే లేదు. కాలేయాన్ని చేతిలోకి తీసుకొని చూడాలి. తెల్లని మచ్చలు, గడ్డలు కనబడితే తెలిసినవారికి చూపకుండా ఆ మాంసాన్ని ఇంటికి తేరాదు. తరువాత నెత్తురు కారనిచ్చి, తడి తుడిచి, గాలి ఆడే నీడలో వ్రేలాడదీయాలి.

ఈ వివరమంతా వ్రాయడంలో ఒక ఉద్దేశం ఉంది. ఇది క్రూరమైన పని కాదు, జాగ్రత్త గల పని. తుపాకి మీట నొక్కడానికి ఒక్క క్షణం చాలు. మన పల్లెలలో మంచె అన్నదానినే ఇక్కడ మిరాదోర్ అంటారు. దానిపై కూర్చున్నవానికి దుప్పి దూరాన ఒక ఆకారం మాత్రమే. కడుపులో చేయి పెట్టినప్పుడే ఆ వేడి తెలుస్తుంది, ఉదయం మేసిన గడ్డి వాసన తెలుస్తుంది, తన గుండు ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. గుండెకు తగలక పొట్టకు తగిలితే ఆ జంతువు ఎంత బాధపడి చచ్చిందో ఏ గురువూ చెప్పనక్కరలేదు. అయినా వేటలలో కాల్చేవాడు ఒకడు, కడిగేవాడు మరొకడు కావడం పాత అలవాటు. ఆ రెండవవాడు ఏ వర్గపువాడో, ఎవరి కూలివాడో మన వంశాలలో వేరే చెప్పాలా?

మనుస్మృతి ఈ విషయంలో మన ఇళ్ళకంటె నిష్కపటంగా ఉంది. చంపడానికి అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు – అందరినీ అది ఘాతకులలోనే చేర్చింది. కోసినవానికి ప్రత్యేకంగా పెద్ద పీట వేయలేదు. తిన్నవానిని విడిచిపెట్టనూ లేదు.

మహాభారతంలో అరణ్యపర్వపు ధర్మవ్యాధుని కథ మన పిల్లలు విన్నదే. మిథిలలో మాంసపు అంగడిలో కూర్చున్న ఆ మనిషి వద్దకు వేదం చదివిన కౌశికుడు ధర్మం నేర్చుకోవడానికి వెళ్ళాడు. ఈ కథను చెప్పేవారు ఒక సంగతిని తరచుగా దాటవేస్తారు. తాను స్వయంగా చంపననీ, ఇతరులు చంపినవాటిని అమ్ముతాననీ, తాను మాంసం తిననని కూడా ధర్మవ్యాధుడు చెబుతాడు. అంతటితో తనకు దోషం లేదని అనడు. తన వృత్తి ఘోరమైనదని ఒప్పుకొంటూనే దానిని చేస్తాడు. అతని గొప్పతనం ఆ దాపరికం లేకపోవడంలో ఉందని నాకు తోస్తుంది. కన్నప్పను కూడా కొందరు వాదనకు తెస్తారు. అక్కడ శివుడు మెచ్చినది భక్తిని గాని మాంసాన్ని కాదు గనుక, ఆయనను మన భోజనానికి సాక్షిగా పిలవడం తగదు.

శాకాహారులు ఈ చర్చ అంతా అనవసరమని అంటారు: చంపకపోతే కోయవలసిన పనే లేదు. వారి మార్గం సూటిగా ఉంది. దానికి నా వద్ద ఎదురు సమాధానం లేదు. నేను మాట్లాడుతున్నది తినేవారితో. తినే ఇంటివారికి కోసిన చేతిని తప్పుపట్టే హక్కు లేదు. స్నానం చేసి దీపం వెలిగించాలన్న నియమం ఉంటే, అది పళ్ళెం ముందు కూర్చున్న అందరికీ ఒకటే కావాలి. అంతేకాక, కాల్చినవాడే కోయాలి. చంపిన ప్రాణి మాంసం అజాగ్రత్త వలన కుళ్ళి పారవేయవలసి వస్తే, ఆ చావుకు మిగిలిన కారణం ఏమిటి?

మొదటిసారి వెళ్ళే కుర్రవాని ప్రక్కన తెలిసిన పెద్దవాడొకడు నిలబడాలి. కత్తి మాత్రం కుర్రవాని చేతిలోనే ఉండాలి. వాడికి వాంతి వస్తే నవ్వకూడదు. ఫోటోలు ఆ సమయంలో వద్దు. తినని పేగులను కుక్కలు ఈడ్చుకుపోకుండా లోతుగా పూడ్చిపెట్టాలి. ఆ గోతిని తవ్వడానికి కూలివానిని పిలవనక్కరలేదు.