భయపడటం నా తప్పేనా?



గీత ఆరో అధ్యాయం మీద మన ఛానెల్‌లో వచ్చిన వీడియోకి ఎడిటింగ్ నేనే చేశాను. వారమంతా ఆఫీసు కోడ్, శనివారం ఛానెల్ పని, అదీ నా లెక్క. గురువుగారు మనోనిగ్రహం గురించి చెప్పిన చోట వీడియోని నాలుగైదు సార్లు ఆపి మళ్ళీ విన్నాను. కట్ సరిగ్గా రాక కాదు. నాకు ఫిట్స్ ఉన్నాయి. ఇంజనీరింగ్ సెకండియర్‌లో మొదలయ్యాయి, ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. "మనసు ప్రశాంతంగా పెట్టుకో నాన్నా, అవే తగ్గిపోతాయి" అనే మాట తొమ్మిదేళ్ళుగా వింటున్నాను. చెప్పినవాళ్ళంతా ప్రేమతోనే చెప్పారు. కానీ ఆ మాటకి రెండో వైపు ఒకటుంది. ఫిట్ వచ్చిందంటే నేను మనసుని ప్రశాంతంగా పెట్టుకోలేదన్నమాట. అంటే తప్పు నాదే.

నిజంగా నాదేనా? ఈ ప్రశ్న నన్ను బాగా పట్టుకున్నది 2024 వరదల్లో.

మాది గవర్నర్‌పేట. మా వీధిలోకి నీళ్ళు రాలేదు. అక్కావాళ్ళది సింగ్ నగర్. సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్ళు వాళ్ళ కింది పోర్షన్ నిండా వచ్చేశాయి. అక్క, బావ, మూడేళ్ళ మేనకోడలు పై అంతస్తులో ఉండిపోయారు. మధ్యాహ్నం దాకా ఫోన్ మాట్లాడింది, తర్వాత స్విచ్ఛాఫ్. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చూపిస్తుంటే అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. నేను ఫోన్ పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. పడవలు ఎటు వెళ్తున్నాయి, డ్రోన్లతో భోజనం ఏ వీధిలో వేశారు, ఎవరో పెట్టిన వీడియోలో మా అక్కావాళ్ళ మేడ కనిపిస్తుందేమో, ఇదే పని.

మంగళవారం పొద్దున టీ తాగుదామని బీసెంట్ రోడ్డు వైపు వెళ్ళాను. టీ గ్లాసు అందుకోవడం గుర్తుంది. తర్వాత గుర్తున్నది, రోడ్డు పక్కన పడుకుని ఉన్నాను, కుడి చేతిలో ఎవరిదో బైకు తాళం ఉంది. ఇనుము పట్టిస్తే ఫిట్ ఆగుతుందని మనవాళ్ళ నమ్మకం కదా. (ఆగదు. ఫిట్ మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది, అప్పటిదాకా తాళం చేతిలో ఉంటుంది కాబట్టి పేరు తాళానికి వస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి.) రెండేళ్ళ మూడు నెలల తర్వాత వచ్చిన ఫిట్ అది.

అక్కావాళ్ళు బుధవారం క్షేమంగా బయటికొచ్చారు. ఆ తర్వాత ఇంట్లో చర్చ నా మీదకి మళ్ళింది. "అంత టెన్షన్ ఎందుకు పెట్టుకున్నావురా? అమ్మవారి మీద భారం వేసి పడుకోవచ్చు కదా?" అన్నారు మామయ్య. నాలుగు దశాబ్దాలుగా ఇంద్రకీలాద్రి ఎక్కుతున్న మనిషి. ఆయన భక్తిని నేను వంక పెట్టను. కానీ ఆ మాటతో నాకు రెండు నేరాలు పడ్డాయి, ఒకటి ఫిట్ రావడం, రెండోది విశ్వాసం చాలకపోవడం.

టెన్షన్‌కి, ఫిట్స్‌కి సంబంధం లేదని నేను అనడం లేదు. ఉంది. ఫిట్స్ ఉన్నవాళ్ళని దేనివల్ల వస్తాయని అడిగితే ఎక్కువమంది చెప్పేవి ఆందోళన, నిద్రలేమి. 1995లో నెదర్లాండ్స్‌లో నదులు పొంగినప్పుడు రెండు లక్షలకు పైగా జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు. అప్పుడు అక్కడి డాక్టర్లు, ఇల్లు వదలాల్సి వచ్చిన మూర్ఛ రోగుల్ని, వదలని వాళ్ళతో పోల్చి చూశారు. ఖాళీ చేసినవాళ్ళలో ఫిట్స్ పెరిగాయి. మన చరకుడు కూడా అపస్మారానికి కారణాలు చెబుతూ చింత, భయం, కోపం, శోకం మనసుని దెబ్బతీయడం గురించి రాశాడు.

అయితే ఎలా ముడిపడి ఉంది? డాక్టర్లు చెప్పింది నేను మన ఊరి భాషలో ఇలా అర్థం చేసుకున్నాను. ప్రతి మెదడుకీ ఒక గట్టు ఉంటుంది. దాన్ని దాటితే ఎవరికైనా ఫిట్ వస్తుంది. నాలాంటివాళ్ళకి ఆ గట్టు కాస్త పల్లం. రోజూ వేసుకునే మాత్ర ఆ గట్టు మీద వేసే మట్టి. నిద్రలేమి, జ్వరం, మాత్ర మానేయడం, భయం, ఇవన్నీ వచ్చే నీళ్ళు. భయపడితే అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు విడుదలై మెదడు కణాలు తొందరగా ఉద్రేకపడే స్థితికి వస్తాయి. అంతేకాదు, భయం నిద్ర చెడగొడుతుంది, మాత్ర మరిపిస్తుంది. బుడమేరు గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాన వల్లా, గట్టు వల్లా, ఆక్రమణల వల్లా అని ఊరంతా ఇంకా వాదించుకుంటూనే ఉంది. నా ఫిట్ కూడా అంతే, ఒక్క చుక్కని పట్టుకుని నువ్వే అనలేం.

ఇంకో సంగతి తెలిశాక నేను చాలాసేపు మౌనంగా ఉండిపోయాను. మెదడులో చెవి వైపు ఉండే భాగంలో, భయాన్ని పుట్టించే అమిగ్డలా అనే చిన్న ముద్ద ఉంటుంది. కొందరికి ఫిట్ అక్కడే మొదలవుతుంది. అప్పుడు ఏ కారణం లేకుండా గుండె జారిపోయేంత భయం వేస్తుంది. అది ఫిట్‌కి కారణం కాదు, ఫిట్ మొదలైపోయింది, ఆ భయమే ఫిట్. అలాంటి మనిషితో "భయపడకు, అందుకే వస్తోంది" అంటే ఏమనాలి? కొన్ని ఫిట్స్ మందులే చిరాకు, ఆందోళన తెస్తాయి కూడా. కాబట్టి ఒక మనిషి ఆందోళన చూసి అతని శ్రద్ధని కొలవడం కుదరదు.

ఇప్పుడు గీతకి వస్తాను. మొదటి అధ్యాయంలో అర్జునుడి పరిస్థితి చూడండి. నోరు ఎండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారుతోంది, నిలబడలేకపోతున్నాడు. ఇవాళైతే ప్యానిక్ అటాక్ అంటాం. కృష్ణుడు మొదట గట్టిగానే మందలించాడు, ఈ పిరికితనం నీకు తగదు, లే అని. మనం పోస్టర్ల మీద వేసుకునేది ఆ మాటే. కానీ అర్జునుడు లేవలేదు. యుద్ధం చేయనని చెప్పి మౌనంగా కూర్చున్నాడు. స్వామి సాక్షాత్తూ చెప్పినా ఒక్క మందలింపుతో ఆ వణుకు తగ్గలేదు! ఆ తర్వాతే అసలు ఉపదేశం మొదలైంది, పద్దెనిమిదో అధ్యాయం చివరిదాకా సాగింది. అంతసేపూ రథం దిగి వెళ్ళలేదు ఆయన.

ఆరో అధ్యాయంలో అదే అర్జునుడు, మనసు గాలిలాంటిది, పట్టుకోవడం నా వల్ల కాదంటాడు. స్వామి ఆ మాటని కొట్టిపారేయలేదు. సందేహమే లేదు, కష్టమే అని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అని దారి చెప్పాడు. నేను ఎడిటింగ్‌లో ఆపి ఆపి విన్నది ఇక్కడే. ఆయన అడిగింది అభ్యాసం. ప్రశాంతతని తెచ్చి చూపించమనలేదు. కర్మ మీదే నీకు అధికారం, ఫలం మీద కాదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా, మరి ప్రశాంతత ఈ రెండింటిలో ఏది? నాకైతే అది ఫలం వైపు ఉన్నట్టే అనిపిస్తోంది. పదింటికి పడుకోవడం కర్మ, నిద్ర పట్టడం ఫలం. ధ్యానానికి కూర్చోవడం కర్మ, మనసు నిలబడటం ఫలం. ఫలం రాలేదని మనిషిని దోషిని చేస్తే గీతని తలకిందులు చేసినట్టే.

అభ్యాసం వల్ల ఉపయోగం లేదని కూడా కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 160 మంది మూర్ఛ రోగుల మీద చేసిన యోగా పరిశోధన 2023లో అచ్చయింది. సగం మందికి ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం నేర్పారు, మిగతా సగం మందికి చూడటానికి యోగాలా ఉండే ఉత్తుత్తి కసరత్తు. అందరూ మందులు వాడుతూనే ఉన్నారు. నిజం యోగా చేసినవాళ్ళలో ఫిట్స్, ఆందోళన రెండూ ఎక్కువ తగ్గాయి. నాకు నచ్చినది ఏంటంటే, వాళ్ళు ముఖ్యంగా కొలవాలనుకున్నది ఫిట్స్ సంఖ్యని కాదు, లోకం తమని చిన్నచూపు చూస్తోందనే బాధని. అదీ తగ్గింది.

ఆ బాధ సంగతి మా ఇంట్లోనే చూడొచ్చు. నాకు సంబంధాలు చూస్తున్నారు. అమ్మ రోజూ చెప్పే రెండు మాటలు, "టెన్షన్ పడకు", "ఎవరికీ చెప్పకు". రెండోది పాటిస్తే మొదటిది ఎలా కుదురుతుంది? పెళ్ళిచూపుల్లో మాత్ర టైమ్ అయితే బాత్రూమ్‌లోకి వెళ్ళి నీళ్ళు లేకుండా మింగాను ఒకసారి. అమ్మ భయం ఊరికే పుట్టలేదు. హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డంకి ఉండేది, 1999లో సవరించి ఆ మాట తీసేశారు. చట్టం మారి పాతికేళ్ళు దాటినా ఆ మాట మన ఇళ్ళలోంచి పోలేదు. సరైన వైద్యం అందితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక వచ్చే సంబంధానికి మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తానన్నాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంతవరకూ చదివి నా పక్షం తీసుకున్నారేమో, ఆగండి. వరదప్పుడు జరిగిందంతా నేను చెప్పలేదు. ఆదివారం పొద్దున నా మాత్రల స్ట్రిప్ అయిపోయింది. కొందాంలే అనుకున్నాను. రాత్రి వేసుకోలేదు. సోమవారం కూడా రెండు పూటలూ వేసుకోలేదు. ఏలూరు రోడ్డులో మందుల షాపు తెరిచే ఉంది, మా ఇంటికి ఐదు నిమిషాల నడక. డాక్టర్ గారు "మందు ఆపావా?" అని అడిగితే లేదన్నాను. ఇంట్లోనూ అంతే చెప్పాను. అంతా టెన్షన్ మీదకి తోశాను. మామయ్య నా భయాన్ని నేరం చేశారని నొచ్చుకున్నాను కానీ, అదే భయం చాటున నేను చేసిన అసలు తప్పు దాక్కుంది. భయపడినందుకు నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. షాపుకి వెళ్ళనందుకు ఇవ్వాలి. ఈ రెండూ విడదీయడానికి నాకు నెలలు పట్టింది.

నటరాజస్వామి పాదం కింద ఉన్న మరుగుజ్జు పేరు అపస్మారుడని మొదటిసారి తెలిసిన రోజు బాధేసింది, ఆ కాలి కింద ఉన్నది నేనా అని. ఈమధ్య కూచిపూడి వెళ్ళినప్పుడు ఒక విగ్రహం దగ్గర నిలబడి చూశాను. అపస్మారుడు చావలేదు, తల పైకెత్తి చూస్తున్నాడు. స్వామి నాట్యం ఆపలేదు, ఆ పాదమూ తీయలేదు. ఆ కింద ఉన్నది నేను కాదనిపించింది. స్ట్రిప్ అయిపోయిందని తెలిసీ కూర్చున్న ఆ రెండు రోజులు గుర్తొచ్చాయి.

ఇక ఆ బైకు తాళం. తెలివొచ్చేసరికి టీ కొట్టాయన నా పక్కనే కింద కూర్చుని ఉన్నాడు. కొట్టు వదిలేసి దాదాపు అరగంట. పేరడగలేదు, ఏమైందని అడగలేదు, భయపడకనీ అనలేదు. తాళం ఎవరిదండీ అంటే, "నాదే, ఉంచుకో, తర్వాత ఇద్దువులే" అన్నాడు.

పోయిన నెల సూర్యారావుపేటలో డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళినప్పుడు మూడు పూటల సంగతి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఫైలు వెనక్కి తిప్పి 2024 సెప్టెంబర్ పేజీలో ఒక లైను రాసుకుని, "ఇప్పుడు ఇంట్లో ఎన్ని స్ట్రిప్పులున్నాయి?" అన్నారు.

"ఇంట్లో రెండు సార్, ఆఫీసు బ్యాగులో ఒకటి" అన్నాను.